బాక్సు మీద అచ్చేసిన అడ్రసు ఎవరి పేరున ఉంది?

మన నూజివీడు చుట్టుపక్కల ఈమధ్య తోట ఉన్న ప్రతివాడూ వెబ్‌సైటు మాట ఎత్తుతున్నాడు. మంచిదే. పండు నేరుగా హైదరాబాదు ఇళ్ళకి పంపితే మండీలో కమీషనూ తరుగూ తప్పుతాయి. నేను వెబ్‌సైటుకి వ్యతిరేకిని కాదు. నా కోపమల్లా, చేసిపెడతామని కారేసుకొచ్చి, మన పేరున ఉండాల్సిన దాన్ని తమ పేరున రాసుకుపోయే ఏజెన్సీల మీద. ఇంకో సగం కోపం, "మనకేం తెలుస్తుందిలే, చదువుకున్న కుర్రాళ్ళు చూసుకుంటారు" అని కాగితం చదవకుండా సంతకం పెట్టే మన పెద్దమనుషుల మీద.

అర ఎకరం కొనాలంటే మనం ఏం చేస్తాం? అడంగల్ చూస్తాం, 1బి చూస్తాం, ఈసీ తీయిస్తాం. సర్వేయరుని పిలిచి కొలతలు వేయిస్తాం. పక్క రైతుని గట్టు దగ్గరికి పిలిచి మరీ అడుగుతాం. అదే మనిషి నలభై వేలు పోసి సైటు చేయించుకుని, అది ఎవరి పేరున రిజిస్టరయిందని ఒక్కమాట అడగడు.

సైటుకీ పాసుపుస్తకం లాంటిది ఒకటుంది. దాన్ని డొమైన్ అంటారు. కొనేవాళ్ళు ఫోనులో టైపు చేసే పేరు అన్నమాట. అది ఒక్కసారి కొంటే శాశ్వతంగా మనదైపోయేది కాదు. ఏడాదికో రెండేళ్ళకో డబ్బు కట్టి రెన్యువల్ చేయించుకోవాలి. చివర 'డాట్ ఇన్' అని ఉండే పేర్లన్నీ నిక్సి అనే సంస్థ కింద నడుస్తాయి. మనం మాత్రం రిజిస్ట్రార్లు అనే కంపెనీల దగ్గర తీసుకుంటాం. ఖర్చు ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు, అంతే. ఆ రిజిస్ట్రారు దగ్గర ఖాతా ఎవరి ఈమెయిలు మీద ఉందో, ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుందో వాడే యజమాని. సైటు మీద మీ తోట ఫొటో, మీ నాన్నగారి పేరు, మీ ఊరి పేరు ఎంత పెద్దక్షరాల్లో ఉన్నా సరే, మీరు కౌలుదారు కిందే లెక్క.

పక్క మండలంలో పదకొండు మంది కలిసి మూడేళ్ళ కిందట ఇలాగే చేయించుకున్నారు. ఏజెన్సీ పేరు ఇక్కడ రాయను, అలాంటివి చాలా ఉన్నాయి. మొదటి ఏడాది డొమైన్ ఫ్రీ అన్నారు. ఆవుని ఊరికే ఇచ్చి పలుపు తమ చేతిలోనే ఉంచుకున్నట్టు! రెండు సీజన్లు బాగానే నడిచింది. అపార్టుమెంట్ల వాళ్ళు ఒకరిని చూసి ఒకరు ఆర్డర్లు పెట్టారు. మూడో ఏడు మార్చిలో రెన్యువలూ మెయింటెనెన్సూ కలిపి ఇరవై ఎనిమిది వేలు కట్టమని మెసేజి వచ్చింది. అంతెందుకు, మా పేరు మాకు ఇచ్చేయండి, మేమే చూసుకుంటాం అన్నారు మనోళ్ళు. అది మా ఖాతాలో ఉంది, ఇవ్వడం కుదరదు అన్నారు వాళ్ళు. ఏప్రిల్ రెండో వారంలో, కాయ కోతకి వచ్చిన సమయానికి, సైటు ఆగిపోయింది.

అప్పటికే రెండు వేల అట్టపెట్టెలు అచ్చయి గోడౌనులో ఉన్నాయి. ప్రతి పెట్టె మీదా ఆ అడ్రసే. ఆడవాళ్ళంతా కూర్చుని దాని మీద ఫోను నంబరు స్టిక్కర్లు అంటించారు. సగానికి పైగా కాయ మళ్ళీ మండీకే పోయింది. మామిడికి ఉన్నదే రెండున్నర నెలలు. వకీలు దగ్గరికి వెళ్ళొచ్చు, నిక్సి వాళ్ళ దగ్గర డొమైన్ తగాదాలు తీర్చే పద్ధతి కూడా ఉంది. కానీ కాగితాలు కదిలేలోపు చెట్టు మీద కాయ ఆగుతుందా? ఏజెన్సీ వాడికి ఈ లెక్క మనకన్నా బాగా తెలుసు. మార్చిలో మెసేజి పెట్టింది అందుకే.

సైటు ఆగితే ఆగింది, అందులో ఉన్న కొనుగోలుదారుల చిట్టా సంగతి ఏమిటి? రెండేళ్ళపాటు మన పండు తిని, బాగుందని మళ్ళీ అడిగిన ఏడెనిమిది వందల కుటుంబాల ఫోను నంబర్లు అవి. చెట్టు మీద కాయకన్నా అదే అసలు పంట అంటాను నేను. అది ఏజెన్సీ కంప్యూటర్లో ఉండిపోయింది. ఆ మే నెలలో ఆ ఇళ్ళలో కొన్నింటికి వేరే తోట పండ్లు కొనమని మెసేజీలు వెళ్ళాయట. ఎవరు పంపారో రుజువు లేదు కాబట్టి ఆ మాట అక్కడితో ఆపుతాను.

సైటులో రాసిన రాతలకి బాధ్యత ఎవరిదో కూడా చూడండి. వాళ్ళ సైటు తెరవగానే ఎర్రటి బుగ్గతో మెరిసిపోయే పండు కనబడేది. బంగినపల్లికి ఎర్రబుగ్గ ఎక్కడిదండీ? ఇంటర్నెట్లోంచి లాక్కొచ్చిన ఫొటో. తోటకి ఒక్కనాడూ రాని వాడికి చిన్నరసం ఏదో, బంగినపల్లి ఏదో ఎలా తెలుస్తుంది? దాని కిందే 'సర్టిఫైడ్ ఆర్గానిక్' అని రాశారు. తేనెమంచు పురుగుకి మందు కొట్టని తోట ఆ పదకొండింటిలో ఒక్కటి లేదు. సర్టిఫైడ్ అని రాయాలంటే ఎన్‌పీఓపీదో పీజీఎస్‌దో సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. నేరుగా అమ్ముకునే చిన్న రైతుకి 2017 ఆర్గానిక్ నిబంధనల్లో కొంత మినహాయింపు ఉంది గానీ, లేని సర్టిఫికెట్ ఉందని రాసుకోవడానికి ఎవరికీ మినహాయింపు లేదు. రేపు అధికారి వస్తే అడిగేది రైతునే, ఆ రాత రాసిన కుర్రాణ్ణి కాదు.

"వాళ్ళూ బతకాలి కదా, అంత అనుమానం దేనికి" అంటారు కొందరు. పనికి కూలి ఇవ్వొద్దని నేనెప్పుడన్నాను? మంచి సైటు కట్టడం పనే, నలభై వేలు అడిగితే బేరమాడి ఇవ్వండి. బోరు వేసినవాడికి డబ్బులిస్తాం. అంతమాత్రాన స్టార్టరు తాళం వాడి జేబులో పెట్టం కదా.

ఇంకొందరు సంఘం డబ్బే కదా అన్నట్టు మాట్లాడతారు. 2020లో కేంద్రం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం పెట్టి, ఒక్కో సంఘానికి మూడేళ్ళలో నిర్వహణకి 18 లక్షల దాకా ఇస్తామంది. ఆ డబ్బు వాసన తగిలాక మన సంఘాల చుట్టూ ఎన్ని ఏజెన్సీలు తిరుగుతున్నాయో చూస్తూనే ఉన్నాం. సంఘం డబ్బయితే ఇంకా గట్టిగా అడగాలి.

మా బ్యాచ్ చేయించుకున్నప్పుడు అడ్వాన్సు ఇవ్వకముందే మా సొంత ఈమెయిలుతో, మా ఫోను నంబరుతో డొమైన్ మేమే తీసుకున్నాం. డిగ్రీ చదివే పిల్లకి అరగంట పట్టింది. హోస్టింగు, అంటే సైటు ఉండే చోటు, అదీ మా ఖాతాలోనే. ఏజెన్సీకి పని చేసుకునేంత వరకే పాస్‌వర్డు ఇచ్చాం, పని అయ్యాక మార్చేశాం. ఆన్‌లైన్లో కట్టే డబ్బు మా బ్యాంకు ఖాతాలోకే పడాలన్నాం. ముందు మా ఖాతాలో పడుతుంది, పదిహేను రోజులకి పంపిస్తాం అని ఒక ఏజెన్సీ వాడు అంటే, అది మాకు మండీలోనే దొరుకుతుంది బాబూ అని లేచి వచ్చేశాం. గేట్‌వే వాళ్ళు తీసుకునే సుమారు రెండు శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ ఎలాగూ తప్పదు. మధ్యలో ఇంకొకడెందుకు?

కాగితం మీద ఇంకో మాట తప్పకుండా రాయించండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బయటివాళ్ళతో ప్రోగ్రాం రాయించుకుంటే, డబ్బు మనమిచ్చినా మొదటి హక్కు రాసినవాళ్ళదే. మనకి రాసిచ్చినట్టు సంతకంతో ఉంటేనే మనది. నెలకోసారి సైటు మొత్తం, ఆర్డర్ల చిట్టాతో సహా, బ్యాకప్ మనకి పంపాలని కూడా రాయించండి. చివరి పదివేలు అవన్నీ చేతికొచ్చాకే ఇవ్వండి.

సంక్రాంతి దాటితే ఏజెన్సీల వాళ్ళు మన ఊళ్ళకి రావడం మొదలవుతుంది. పూత చూసి వస్తారు వాళ్ళు కూడా. ఇప్పటికే సైటు ఉన్నవాళ్ళు మార్చి దాకా ఆగకండి. ఈ వారమే ఫోను చేసి డొమైన్ మా ఖాతాకి మార్చండి, బదిలీ కోడు ఇవ్వండి అని అడగండి, వాళ్ళ జవాబు రాతలో తీసుకోండి. మేం రాయించుకున్న ఒప్పందం రెండు పేజీలు, తెలుగులోనే ఉంది. కావాల్సినవాళ్ళు కింద రాయండి, ఫొటో తీసి పెడతాను.