పచ్చిగా తినే కూరగాయకు మడి వేరుండాలి

పై వీడియోలో మీరు చూసేది పొయ్యి ముట్టించకుండా పిల్లలు చేసుకున్న మూడు చిరుతిండ్లు. ఎండాకాలం సెలవుల్లో ఆదివారం పూట మా తోటకు వచ్చే పిల్లలే చేశారు. ఎట్ల చేయాలో వీడియోలో ఉంది కాబట్టి ఇక్కడ కొలతలు మాత్రం రాస్తా. వీడియోలో చెప్పని ఇంకో సంగతి ఉంది, అది మన ప్రకృతి రైతుల గురించి. కొందరికి నచ్చకపోవచ్చు.

ముందు పిల్లల ముచ్చట. మాది రామగుండం దగ్గర. మా తోటకు వచ్చేది గోదావరిఖని కంపెనీ క్వార్టర్ల పిల్లలు. నాన్న నైట్ షిఫ్ట్ దిగి వచ్చి పగలు పండుకుంటడు. ఆ ఇంట్లో పొద్దున పదకొండింటికి మిక్సీ తిప్పితే ఏమైతదో బాయి పని చేసేటోళ్ల ఇండ్లల్లో అందరికీ తెలుసు. మే నెలలో మా దగ్గర ఎండ నలభై అయిదు దాటుతది. అమ్మ మళ్లీ ఒకసారి పొయ్యి దగ్గర నిలబడాలంటే ఎవరికి మనసొస్తది? పిల్లల చేతిలో పది రూపాయలు పెడితే గల్లీ చివర దుకాణంలో వేలాడే ప్యాకెట్ వస్తది. బడి ఆవరణకు 50 మీటర్ల లోపల ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న తిండి అమ్మొద్దని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే నిబంధన తెచ్చింది. ఇంటి గల్లీకి ఆ 50 మీటర్ల లెక్క లేదు. అందుకే పొయ్యి వద్దు, మిక్సీ వద్దు, ఎనిమిదేండ్ల పిల్ల సొంతంగా చేసుకోవాలె అని మూడు షరతులు పెట్టుకున్నం.

మొదటిది కొత్తదేం కాదు, శ్రీరామనవమికి చేసే వడపప్పే. ఒక గ్లాసు పెసరపప్పు కడిగి, తాగే నీళ్లలో రెండు గంటలు నానబెట్టి వంచేయాలి. రెండు గాజర్గడ్డల తురుము, పిడికెడు పచ్చి కొబ్బరి, అర నిమ్మకాయ రసం, ఉప్పు కలపాలి. మామిడికాయలు దొరికే రోజుల్లో నిమ్మకాయ బదులు మామిడి తురుము వేస్తే పిల్లలు గిన్నె నాకేస్తరు. రెండోది కీర చక్రాల మీద గట్టి పెరుగు. పెరుగును పలుచటి బట్టలో మూట కట్టి ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచితే నీళ్లన్నీ దిగిపోయి ముద్దలాగా అయితది. దాంట్లో పుదీన తుంచి వేసి, ఒక్కో చక్రం మీద చెంచాడు పెట్టి, పైన దంచిన పుట్నాల పొడి చల్లుడే. మూడోది మరమరాలు, టమాట, ఉల్లిగడ్డ, కొత్తిమీర, కొంచెం కారం. కలిపిన అయిదు నిమిషాల్లో తినాలె, లేకుంటే మెత్తబడి ఎవ్వరూ ముట్టరు. నాలుగేండ్ల లోపు పిల్లలుంటే గాజర్గడ్డ, కీర ముక్కలు చేతికియ్యొద్దు, గొంతుకు అడ్డం పడతయి. తురిమే పెట్టాలె.

ఇంట్లో టమాట ముక్క కనబడితే ఏరి పక్కకు పెట్టే పిల్లలు తాము కోసి తాము కలిపిన గిన్నెలోది తింటున్నరు. దీని మీద నేను పెద్ద సిద్ధాంతం చెప్పను. చేసినోళ్లకు రుచి చూడకుండా ఉండబుద్ధి కాదు, అంతే.

ఒక పని మాత్రం తప్పకుండా నేర్పించిన. కీరను కోయంగనే చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడాలె, చేదుంటే ఉమ్మేసి ఆ కాయ మొత్తం పక్కన పడేయాలె. ఎండకు, నీటి ఎద్దడికి కీర, సొరకాయ జాతి కాయల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం పెరుగుతది. చేదు సొరకాయ రసం తాగి మనుషులు చనిపోయిన కేసులు మన దేశంలోనే ఉన్నయి. దాని మీద ఐసీఎంఆర్ కమిటీ వేసి పరిశీలించింది కూడా. ఆ కాయకు ఎవరూ ఏ మందూ కొట్టలేదు, చేదు దాని సొంతం.

ఇక అసలు విషయం. మన రైతుల వీడియోలు నేను చాలా చూస్తా. మడిలోకి దిగి కొత్తిమీర కట్ట పీకి, లుంగీకి తుడిచి, "మందు కొట్టలేదు, కడగకుండా ఇట్లనే తినొచ్చు" అని కెమెరా ముందు నమిలి చూపిస్తరు. పక్కన కొడుకో బిడ్డో ఉంటే వాళ్ల నోట్లో కూడా పెడతరు. నాకు అది చూస్తే భయమైతది. మొన్ననే జీవామృతం పిచికారీ చేసిన మడి అది.

జీవామృతం అంటే 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల తాజా పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి. గ్రాము పేడలో కోట్ల సూక్ష్మజీవులు ఉంటయని మనమే గొప్పగా చెప్పుకుంటం. ఆ కోట్లల్లో మంచివే ఉన్నయని ఎవరు ఏరి పెట్టిన్రు? మనిషికి రక్త విరేచనాలు, పిల్లలకు కిడ్నీ దెబ్బ తెచ్చే ఈ.కోలి రకాలు పశువు పేగులో హాయిగా బతుకుతయి, పశువుకు ఏమీ కాదు. నేలలోకి పోతే జీవామృతం మేలే చేస్తది, నా పొలం నడిచేదే దాని మీద. ఆకు మీద ఉండి పచ్చిగా పిల్లల నోట్లోకి పోతేనే తంటా.

"మా తాతలు ఇట్లనే తిన్నరు, ఏం కాలేదు" అనే అన్నలకు నా జవాబు ఒకటే. మన తాతలు పచ్చిగా తిన్నది తక్కువ. పాలకూర, గోంగూర, బచ్చలి, తోటకూర అన్నీ పొయ్యెక్కినయి. కూరగాయకు మన ఇంట్లో కాపలా పొయ్యే. ఇప్పుడు పొయ్యి తీసేసి పిల్లలకు పచ్చిగా పెడుతున్నమంటే ఆ కాపలా పని ఇంకెవరు చేయాలె? మడిలో రైతు, తర్వాత ఇంట్లో నల్లా నీళ్లు.

2011లో జర్మనీలో ఏమైందో గుర్తు చేస్తా. ఈ.కోలితో దాదాపు నాలుగు వేల మంది మంచాన పడ్డరు, యాభై మందికి పైగా చనిపోయారు. మొదలు స్పెయిన్ నుంచి వచ్చిన కీరల మీద అనుమానం పెట్టిన్రు. అక్కడి రైతులు కాయలు అమ్ముడుపోక పారబోసుకున్నరు. చివరికి తేలింది మొలకలు, ఒక సేంద్రియ పొలం నుంచి వచ్చిన మొలకలు. తప్పు విత్తనాలతోనే వచ్చిందని, ఈజిప్టు నుంచి దిగుమతైన మెంతులని విచారణలో అన్నరు. మన మాట మీద నమ్మకం ఎంత తొందరగా పోతదో, ఏ తప్పూ లేని రైతు కూడా ఎట్ల మునుగుతడో రెండూ దాంట్లోనే ఉన్నయి. నేను పిల్లలకు మూడు రోజుల మొలకలు పెట్టక రెండు గంటల వడపప్పు పెట్టేది అందుకే. వెచ్చగా, తేమగా రోజుల తరబడి ఉంచితే మొలకతో పాటు క్రిమి కూడా పెరుగుతది.

అమెరికా సేంద్రియ నిబంధనల్లో ఒక లెక్క ఉంది. పచ్చి పేడ వేస్తే, తినే భాగం నేలకు తగిలే పంటైతే కోతకు 120 రోజుల ముందు, తగలనిదైతే 90 రోజుల ముందు ఆపాలె. నలభై రోజుల కొత్తిమీరకు ఆ లెక్క ఎట్ల కుదురుతది? కుదరదు. కాబట్టి నేను పచ్చిగా తినే వాటికి మడే వేరు చేసిన. కొత్తిమీర, పుదీన, గాజర్గడ్డ, కీర, టమాట ఆ మడిలో ఉంటయి. వాటికి బాగా మాగిన కంపోస్టు మాత్రమే వేస్తా. మాగిన అంటే నల్లగా కనబడుడు కాదు. కుప్ప లోపల 55 డిగ్రీలు దాటిన వేడి పదిహేను రోజులు నిలవాలె, ఆ లోపల అయిదుసార్లు తిరగేయాలె. డిప్లొమా రోజుల్లో కుప్పలో కడ్డీ గుచ్చి పట్టుకొని చూడమనేటోళ్లు, ఇప్పుడు థర్మామీటర్ కొన్న. కీరను పందిరికి ఎక్కించిన, టమాటకు కర్రలు కట్టి కింద గడ్డి పరిచిన. వాన పడ్డప్పుడు మట్టి చిందదు.

పిచికారీల దగ్గర ఇంకా జాగ్రత్త. నీమాస్త్రంలో పేడ ఉంది, దశపర్ణిలో పేడ ఉంది. అగ్నిఅస్త్రంలో అయితే పొగాకు ఉంది. పిల్లలు రేపు పచ్చిగా తినే ఆకు మీద పొగాకు కషాయం కొట్టి "సహజం" అని అమ్ముదామా? ఆ మడిలో ఈ మూడూ బంద్. పురుగు ఎక్కువైతే చేత్తో ఏరుతం, వల కప్పుతం, కొంత నష్టపోతం. అందుకే ఆ మడి కట్ట ధర ఎక్కువ పెట్టిన, దాచేదేం లేదు.

మా ప్రాంతానికి ఇంకో బాధ, దుమ్ము. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్క ఆకుకూర మీద వేలు పెట్టి గీస్తే నల్లగా వస్తది. రోడ్డు వైపు జొన్న వరుసలు అడ్డం పెట్టి ఈ మడిని లోపలికి జరిపిన.

ఇవన్నీ చెప్తే ఒకాయన ఫోన్ చేసి "నువ్వు కంపెనీ మనిషివా" అన్నడు. నేనుండేది రామగుండంలో కదా. 1999లో మూతపడ్డ ఎఫ్‌సీఐ స్థానంలో ఆర్‌ఎఫ్‌సీఎల్ వచ్చింది, 2022 నవంబరులో ప్రధాని వచ్చి జాతికి అంకితం చేసిన్రు. ఆ యూరియా ఫ్యాక్టరీ ఊళ్లో ఉండి ఒక్క బస్తా కొనకుండా సాగు చేస్తున్న, ఇంకేం రుజువు కావాలె?

ఇప్పుడు మా సంచుల మీద రెండు రకాల చీటీలు అంటిస్తున్నం. ఒకదాని మీద "వండుకొని తినండి" అని, రెండోదాని మీద "పచ్చి మడి: పారే నీళ్ల కింద రుద్ది కడిగి తినండి" అని. రెండో చీటీ చూసి ఒక అక్క "మందులు కొట్టనప్పుడు ఇంకా కడుగుడెందుకు తమ్ముడూ?" అని అడిగింది. జీవామృతం డ్రమ్ము మూత తీసి చూపించిన. ఇంకేం అడగలేదు, రెండు సంచులూ తీసుకుపోయింది.