'స్వల్ప అడ్జస్ట్' సైకిల్‌కు పనికిరాదు

బెంగళూరులో బస్సు సీటు దగ్గర్నుంచి అద్దె ఇంటిదాకా అన్నింటికీ చెల్లే మాట ఒకటుంది: 'స్వల్ప అడ్జస్ట్ మాడి'. హోసూరు చేరేసరికి అదే 'కొంజం అడ్జస్ట్ పణ్ణుంగ' అవుతుంది. తరతరాలుగా ఈ ఊళ్లలో ఉంటున్న మనవాళ్లకు ఈ మాట బాగా అలవాటే. బస్సులో సర్దుకుంటే పోయేదేం లేదు, గంట తర్వాత దిగిపోతాం. కానీ సైకిల్ కొనడానికి వెళ్లిన పొట్టి మనిషికి, అందులోనూ ఆడమనిషికి, దుకాణంలో ఇదే మాట చెబితే మాత్రం ఒప్పుకోకూడదు. ఎందుకంటే అక్కడ సర్దుకోవలసింది ఆమె మెడ, నడుము, మోకాళ్లు.

రోడ్ బైక్ అంటే మోటారు బండి అనుకునేరు. వంపు హ్యాండిల్, సన్నటి టైర్లు, గేర్లు ఉండే సైకిల్. ఆదివారం తెల్లవారుజామున చిక్కబళ్లాపుర జిల్లాలోని నంది కొండకు వెళ్లే దారిలోనో, చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డులోనో నిలబడితే ఇవి వరసగా కనిపిస్తాయి. తొక్కేవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. అయితే ఉత్సాహంగా కొని, నాలుగు నెలలకే బాల్కనీలో బట్టలారేసుకోవడానికి వదిలేసినవాళ్లూ తక్కువేం లేరు. 'నాకు చేతకాలేదు' అని తమనే నిందించుకుంటారు. చాలాసార్లు తప్పు మనిషిది కాదు, కొలతది.

మన దేశంలో సగటు స్త్రీ ఎత్తు ఇంచుమించు 5 అడుగులు, అంటే 152 సెంటీమీటర్లు. దుకాణాల్లో 'స్మాల్' అని రాసి ఉన్న రోడ్ బైకులు చాలావరకు 5 అడుగుల 3 అంగుళాల పైవాళ్లకే సరిపోతాయి. అడిగితే 'సీటు దించితే చాలమ్మా' అంటారు. సీటు దిగుతుంది, నిజమే. హ్యాండిల్ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. దాన్ని అందుకోవడానికి ఒళ్లంతా ముందుకు సాగదీసి తొక్కాలి. పది కిలోమీటర్లు పోయేసరికి భుజాలు పట్టేస్తాయి, అరచేతులు తిమ్మిరెక్కుతాయి.

ఇంకో చిక్కు చక్రాలతో. ఫ్రేము పెద్దదైనా చిన్నదైనా చాలా కంపెనీలు ఒకే 700-సి చక్రం బిగిస్తాయి. చిన్న ఫ్రేములో అంత చక్రం ఇరికిస్తే, నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు కాలి బొటనవేలు ముందు చక్రానికి తగులుతుంది. ట్రాఫిక్‌లో అది పడేసే ప్రమాదం. అమెరికాలో జార్జినా టెర్రీ అనే ఇంజనీరు 1985లోనే ఆడవాళ్ల కోసం సైకిళ్ల కంపెనీ పెట్టి, చిన్న సైజుల్లో ముందు చక్రాన్ని 24 అంగుళాలకు తగ్గించి చూపించారు. ఇప్పుడు కొన్ని కంపెనీలు చిన్న ఫ్రేములకు రెండువైపులా 650-బి చక్రాలు వేస్తున్నాయి. అంటే దారి లేక కాదు, అడిగేవాళ్లు లేక.

'మన అమ్మమ్మలు పెద్ద జెంట్స్ సైకిళ్లే తొక్కలేదా' అని కొందరు అంటారు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో, అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ హయాంలో, అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాదిమంది గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు చాలక జెంట్స్ సైకిళ్లే తొక్కారు. ముందు కమ్మీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని అవే బాగున్నాయన్నవాళ్లూ ఉన్నారు. ఆ ఘనత ఆ తల్లుల తెగువది, సైకిల్ కొలతది కాదు. వాళ్లు దొరికిన బండితో సర్దుకున్నారని నేడు వేల రూపాయలు పోసి కొనేవాళ్లు కూడా సర్దుకోవాలనడం న్యాయమా?

కాబట్టి దుకాణానికి వెళ్లేముందు ఇంట్లోనే ఒక కొలత తీసుకోండి. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక పుస్తకాన్ని సీటు మాదిరి పైకి నొక్కి పట్టి, నేల నుంచి పుస్తకం పైఅంచు దాకా టేపుతో కొలవాలి. దాన్ని 0.883తో గుణిస్తే పెడల్ ఇరుసు నుంచి సీటు దాకా ఉండాల్సిన ఎత్తు సుమారుగా వస్తుంది. 70 సెంటీమీటర్లు వస్తే సీటు ఎత్తు దాదాపు 62. ఇది మొదలుపెట్టడానికే, తర్వాత తొక్కిచూసి కొద్దిగా మార్చుకోవచ్చు.

దుకాణంలో ఫ్రేము మీది అంకెను నమ్మకండి, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. 'రీచ్' ఎంతో అడగండి. పెడల్ ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం పైకొన దాకా అడ్డంగా ఉండే దూరం అది. సైకిల్‌కు ఇరువైపులా కాళ్లు నేలకు ఆనించి నిలబడితే కమ్మీకి పైన రెండు, మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. హ్యాండిల్ వెడల్పు మీ భుజాలంతే ఉండాలి. 36, 38 సెంటీమీటర్ల హ్యాండిళ్లు దొరుకుతాయి. పెడల్ క్రాంకు మామూలుగా 170 మిల్లీమీటర్లు లేదా అంతకు పైనే ఉంటుంది. పొట్టి కాళ్లకు 165 లేదా ఇంకా తక్కువది మోకాళ్లకు హాయి.

అన్నిటికన్నా ముఖ్యం బ్రేకు. వంపు హ్యాండిల్ కింది భాగం పట్టుకున్నప్పుడు వేళ్లు బ్రేకు మీటకు సులువుగా అందాలి. చాలా మీటలను చిన్న స్క్రూ తిప్పి దగ్గరకు తేవచ్చు, ఆ పని దుకాణంవాడి చేతే చేయించుకోవాలి. నంది కొండ దిగుతున్నప్పుడు వేలు అందకపోతే 'స్వల్ప అడ్జస్ట్' కాపాడదు.

దుకాణదారులు ఎక్స్‌ట్రా స్మాల్ సైజు ఒక్కటైనా నిలవ ఉంచాలి. లేకుంటే తెప్పించి ఇవ్వాలి. పొట్టి మగవాళ్లకూ అది పనికొచ్చేదే. ఇంట్లో పెద్దలకూ ఒక మాట. తమ్ముడికి కూడా పనికొస్తుందని అమ్మాయికి పెద్ద సైజు కొనకండి. ఆమె తొక్కడం మానేస్తే ఆ మిగులు ఎవరికి? బడిపిల్లలకు సైకిళ్లిచ్చే ప్రభుత్వాలు కూడా లేడీస్, జెంట్స్ అన్న లెక్కతో ఆగిపోకుండా పిల్ల ఎత్తెంత అని అడగాలి.

జాకెట్టు కుట్టించేటప్పుడు అంగుళం తేడా వస్తే టైలర్‌తో తగువు పెట్టుకునేవాళ్లం, వేలు పోసి కొనే సైకిల్ దగ్గర మొహమాటపడడం దేనికి? బాగా లేదనిపిస్తే కొనకుండా బయటికి రండి. పది మంది అలా వస్తే పదకొండో మనిషికి సరిపోయే సైకిల్ ఆ దుకాణంలోకి దానంతటదే వస్తుంది.