కరెంటు లేని కంప్యూటర్ పాఠం

ఆరో తరగతి నుంచే కోడింగ్ నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఇంగ్లండ్ అయితే 2014 నుంచే ఐదేళ్ల పిల్లలకూ కంప్యూటింగ్‌ను తప్పనిసరి చేసింది. మన సర్కారు బడుల్లో చాలాచోట్ల ఈ చదువంటే ఇంకా తాళం వేసిన గది, దుమ్ముపట్టిన మానిటర్లే. యంత్రాలదేముంది, టెండరు పిలిస్తే వస్తాయి. చెప్పే టీచరే కరవు. ఆ టీచర్లను తయారుచేసే పని యంత్రాలు లేకుండానే మొదలుపెట్టొచ్చు.

న్యూజిలాండ్‌లో కంప్యూటర్ శాస్త్రవేత్త టిమ్ బెల్ తదితరులు రూపొందించిన ‘అన్‌ప్లగ్డ్’ కంప్యూటర్ పాఠాలకు కరెంటే అక్కర్లేదు. 16, 8, 4, 2, 1 చుక్కలున్న ఐదు అట్టముక్కలు చాలు. చుక్కలు కనిపిస్తే ఒకటి, బోర్లిస్తే సున్నా. 16, 4, 1 కనిపిస్తే 21, అంటే కంప్యూటర్ల బైనరీ లెక్కలో 10101. మూడో తరగతి పిల్లలు కూడా ఆడుకుంటూ పట్టేస్తారు. పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాషల సంగతి హైస్కూల్లో చూసుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ వేసవి శిక్షణలో ముందు టీచర్ల చేతికి ఈ అట్టముక్కలివ్వాలి. ట్యాబుల కొనుగోలు ఆ తర్వాతే.