కావాలనే చేస్తోందట!

“కావాలనే చేస్తోందండీ, అన్నీ నాటకాలు!”

ఈ మాట వినబడని ఇల్లు మన వీధుల్లో ఉందంటే నేను నమ్మను. పాలు పొంగబెట్టిన ఆడపడుచు మీదా, లెక్కలు తప్పిన పిల్లాడి మీదా విసురుతూనే ఉంటాం. పోనీండి, వాళ్లూ మనకో మాట అప్పజెబుతారు, బాకీ తీరిపోతుంది. స్కిజోఫ్రీనియా వచ్చిన పిల్ల మీద కూడా ఇదే మాట విసిరితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

మా దూరపు చుట్టాల్లో ఓ కోడలు పిల్ల ఉండేది. “చెయ్యి నాదే పిన్నీ, ఎత్తేది మాత్రం నేను కాదు. ఎవరో ఎత్తిస్తున్నారు” అనేది. “అంట్లు తోమమంటేనే వస్తుందమ్మా ఈ జబ్బు!” అని అత్తగారి వ్యాఖ్యానం. పదిమందీ నవ్వారు. ఆ పిల్ల తన చేతి వంక పరాయి వస్తువును చూసినట్టు చూసుకుంటూ కూర్చుంది.

ఆమె చెప్పింది వైద్యులకు కొత్త సంగతేం కాదు. తన కదలికల్ని, తలపుల్ని ఎవరో నడిపిస్తున్నట్టు తోచడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటని జర్మన్ వైద్యుడు కర్ట్ ష్నైడర్ ఏనాడో రాసి పెట్టాడు. అందరు రోగులకీ ఇది ఉండదు. ఉన్నవాళ్లకి ఎంత నిజంగా ఉంటుందో చూడండి.

మీ అరికాలికి మీరే కితకితలు పెట్టుకోండి, ఎవరూ చూడకుండా లెండి. నవ్వు రాదు. చెయ్యి తగిలేలోపే “వచ్చేది మన చెయ్యేలే” అని మెదడు లోలోపల కబురు పెట్టేస్తుంది. ఎవరో ఆడిస్తున్నారనో, లేని గొంతులు వినబడుతున్నాయనో చెప్పే రోగులకు తమ చెయ్యి తగిలినా, పరాయి చెయ్యి తగిలినా ఒకేలా తోచిందని సారా జేన్ బ్లేక్‌మోర్ బృందం 2000లో చూపించింది.

కాలం సంగతి ఇంకా చిత్రం. మనంతట మనం ఓ మీట నొక్కి, పావు సెకను తర్వాత చిన్న శబ్దం వింటే, ఆ రెంటి మధ్య ఎడం ఉన్నదానికంటే తక్కువగా అనిపిస్తుందని 2002లో పాట్రిక్ హాగర్డ్, ఆయన తోటివాళ్లు కనిపెట్టారు. “నేను చేశాను, అది జరిగింది” అని మెదడు రెంటినీ దగ్గరికి లాగి కుట్టేస్తుందన్నమాట. మరుసటేడు స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లను పరీక్షిస్తే ఆ కుట్టు మరీ బిగుసుకుపోయి కనబడింది. అలాంటి మనిషికి తను తలుపు వేయడమూ, వీధిలో కుక్క మొరగడమూ ముడిపడ్డట్టు తోస్తే నాకైతే ఆశ్చర్యం లేదు. ‘కావాలని’ అనే భావన పుట్టే చోటే దెబ్బతిన్న మనిషిని పట్టుకుని ‘కావాలనే చేస్తున్నావు’ అంటున్నాం మనం!

“మాటంటే ఏమైందమ్మా?” అంటారా? కావాలనే అని తేల్చుకున్నాక వచ్చేది శిక్షే. ముందు చివాట్లు, ఆపైన చెంపదెబ్బ, చివరికి తాడు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులుండే పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు పరుగెత్తలేక కాలిపోయారు. 28 మంది! గొలుసులు వేయకూడదని 2017లో చట్టం వచ్చింది. నాలుకకు చట్టం ఎవరు చేస్తారు?

పిల్ల “ఎవరో ఎత్తిస్తున్నారు” అంటే, “ఎప్పట్నుంచమ్మా?” అని అడగండి. డాక్టరు దగ్గర తన మాటల్లోనే తనను చెప్పనివ్వండి. మధ్యలో మందులు మాన్పించి తాయెత్తు కట్టిస్తామని ఏ వదినగారైనా బయల్దేరితే, ఆవిడకి మా ఇల్లు చూపించండి. కాఫీ ఇచ్చి మరీ పోట్లాడతాను.