బాలింత మందుకూ లెక్క ఉండాలి

పాలు మాన్పించాల్సి వస్తే రొమ్ములపై మల్లెపూలు కట్టడం దక్షిణాదిలో పాత అలవాటు. అది వట్టి నమ్మకమా, నిజమా అని వేలూరు సీఎంసీ వైద్యులు పరీక్షించారు. కొందరు తల్లులకు బ్రోమోక్రిప్టిన్ మాత్ర ఇచ్చారు, కొందరికి మల్లెపూలు కట్టారు. పాలను ఊరించే ప్రొలాక్టిన్ హార్మోను మాత్రతో ఎక్కువే తగ్గింది. పాలు తగ్గించడంలో మాత్రం పూలూ దానికి తీసిపోలేదు. ఆ ఫలితాలు 1988లో అచ్చయ్యాయి.

ఒంటికి తగిలిన పూలకే అంత శక్తి ఉంటే, కడుపులోకి వెళ్లే చూర్ణాన్ని ‘చెట్టుమందే కదా, ఏం చేస్తుందిలే’ అని ఎలా వదిలేస్తాం?

బుక్కపట్నంలోనైనా, ధర్మవరం, పెనుకొండ, హిందూపురాల్లోనైనా కాన్పయి ఇంటికొచ్చిన బాలింతకు రెండో వైద్యం అవ్వ చేతిలో మొదలవుతుంది. శొంఠి, మిరియాలు, వెల్లుల్లి, వాము, మెంతులు వంటలో వేసుకునేంత తింటే సాధారణంగా భయం లేదు. మోతాదు మారితేనే చిక్కు. పాలు పడాలని మెంతిపొడి చెంచాలకొద్దీ మింగితే కొందరికి విరేచనాలవుతాయి. షుగర్ మాత్రలు వాడే తల్లికి చక్కెర మరీ పడిపోవచ్చు. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడుతుంటే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. నిజానికి పాలు పెరగాలంటే ముందు చేయాల్సింది బిడ్డకు తరచుగా రొమ్ము పట్టడం.

ఇక చూర్ణం పొట్లాల సంగతి. ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద మందులను అమెరికా పరిశోధకులు పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు ఐదో వంతు మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. కంపెనీ పేరుతో వచ్చే సరుకే అలా ఉంటే, కాగితంలో చుట్టిచ్చే చూర్ణానికి పూచీ ఎవరు? తల్లి ఒంట్లో చేరిన సీసం పాలలోకీ దిగుతుంది, పసిమెదడును దెబ్బతీస్తుంది.

బిడ్డ నాలుకకు నేరుగా రాసే వాటితో ముప్పు ఇంకా ఎక్కువ. తేనె ఏడాది లోపు పిల్లలకు బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తేగలదు. మాటలు బాగా వస్తాయని నాకించే వసకొమ్ములోని బీటా-ఆసరోన్ ఎలుకల్లో క్యాన్సర్ తెచ్చింది. అమెరికా 1968లోనే వసను ఆహార పదార్థాల్లో నిషేధించింది.

నాటుమందులన్నిటినీ ఒక్క వేటుతో కొట్టిపారేయమని కాదు. 2021లో కరోనాకు కృష్ణపట్నం ఆనందయ్య ఇచ్చిన నాటుమందు విషయంలో ప్రభుత్వం పంపిణీ ఆపి, పరిశీలన చేయించి, మే 31న అనుమతి ఇచ్చింది. కంటి చుక్కలకు మాత్రం ఒప్పుకోలేదు. ఏది సరే, ఏది కూడదు అని విడదీసి చూడటం సాధ్యమేనని అప్పుడే తేలింది. బాలింత మందులకు ఆ శ్రద్ధ ఎందుకు ఉండకూడదు?

దారి ఇప్పటికే ఉంది. ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. ఆ ఆరుసార్లూ ‘ఏం మందు తింటున్నావమ్మా, బిడ్డకేం పెడుతున్నారు?’ అని అడిగి తల్లీబిడ్డల కార్డులో రాయాలి. అవ్వను కసిరితే పొట్లం దిండు కిందకు పోతుంది కాబట్టి మెల్లగానే అడగాలి. ఇంట్లోవాళ్లు పొట్లాన్ని దాచకుండా డాక్టరుకు చూపించాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు, డాక్టరు రాసిన మందు తప్ప బిడ్డ నోట్లో ఇంకేదీ వేయకూడదు.