నీవేమి వినుచున్నావు?

పుస్తకప్రియు లిద్దరు కలిసికొన్నపుడు "ఏమి చదువుచున్నావు?" అని అడుగుకొందురు. సంగీతప్రియులు కలిసికొన్నపుడు "ఇప్పుడేమి వినుచున్నావు?" అని అడుగుకొందురు. ఈ ప్రశ్న కుశలప్రశ్నవలె చిన్నదిగా కనబడును. కాని దీనికి తగిన సమాధానము చెప్పుట ఒక విద్య. ఆ విద్య నేడు మనలో సన్నగిల్లుచున్నది. దానిని మరల అలవరచుకొనవలెనని నా అభిప్రాయము. అది ప్రొద్దుపుచ్చుటకు పనికివచ్చు ముచ్చట మాత్రమే కాదు. సంగీతము బ్రతికియుండుటకు కూడ అది అవసరము.

శిల్పము రాతిలో నిలుచును. చిత్రము గోడమీద నిలుచును. పాట మాత్రము పాడినంతసేపే యుండి గాలిలో కలిసిపోవును. అది నిలువవలెనన్నచో ఒకరి చెవినుండి మరియొకరి చెవికి చేరుచుండవలెను. ఇందుకు మన తెలుగునాటనే గొప్ప నిదర్శనమున్నది. తాళ్లపాక అన్నమాచార్యులు 15వ శతాబ్దిలో తిరుమల వేంకటేశ్వరునిపై వేలకొలది సంకీర్తనలు రచించిరి. అవి రాగిరేకులపై చెక్కబడినవి. ఆ రేకులు తిరుమల ఆలయమునందలి ఒక అరలో చిరకాలము మరుగుపడియుండి, 20వ శతాబ్దిలో వెలుగులోనికి వచ్చినవి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు పండితులు వాటిని పరిష్కరించి ప్రకటించిరి. పాటపైన రాగము పేరున్నది. పాటలోని మాటలన్నియు ఉన్నవి. కాని స్వరములు లేవు. అన్నమాచార్యులు ఆ పాటను ఎట్లు ఎత్తుకొనిరో, ఎచ్చట నిలిపిరో, ఎచ్చట సాగదీసిరో రేకు చెప్పలేదు. కావున రాళ్లపల్లివారును, తరువాత మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి మున్నగువారును వాటిలో ఎన్నిటికో క్రొత్తగా స్వరములు కూర్చవలసివచ్చినది. 1980 ప్రాంతమున ఎం. ఎస్. సుబ్బులక్ష్మి పాడిన 'బాలాజీ పంచరత్నమాల' అను అయిదు రికార్డుల సంపుటి అట్టి పాటలను ఇంటింటికి చేర్చినది.

దీనినిబట్టి మనము గ్రహింపవలసినదేమి? రాగి మాటను కాపాడగలిగినది, బాణీని కాపాడలేకపోయినది. బాణీని కాపాడునవి మనుష్యుల చెవులు, నోళ్లు. ఒక తరమువారు "ఇది వినుము" అని తరువాతి తరమువారితో చెప్పుట మానినచో, ఎంత గొప్ప పాటయైనను మాటలమూటగా మిగులును.

"ఆ కాలమున యంత్రములు లేవు, నేడు యంత్రమే సంగీతమును కాపాడుచుండగా మన చెవులతో పనియేమి?" అని మీరడుగవచ్చును. 1877లో అమెరికాలో థామస్ ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించి, గొంతును నిలువచేయవచ్చునని నిరూపించిన మాట నిజమే. కాని నిలువచేయుట వేరు, బ్రతికించుట వేరు. గాదెలోని గింజ తనంత తాను మొలవదు. ఎవరో ఒకరు దానిని తీసి చల్లవలెను. రికార్డయినను అంతియే. ఎవరో ఒకరు దాని పేరు చెప్పి చేతికందించినపుడే అది మరల సంగీతమగును.

పేరు చెప్పుట ఎంత ముఖ్యమో తెలుపు వృత్తాంతమొకటి కలదు. 1902లో గౌహర్ జాన్ అను ప్రసిద్ధ గాయని కలకత్తాలో గ్రామఫోను కంపెనీవారికొరకు పాడినది. పాట ముగియగానే ఆమె తన పేరును ఆంగ్లమున గట్టిగా ప్రకటించెడిది. ఆ రికార్డులను జర్మనీలో అచ్చువేయవలసియుండెను. అచ్చటి పనివారికి మన భాష తెలియదు, మన గాయకులు తెలియరు. ఏ రికార్డుపై ఎవరి పేరంటింపవలెనో వారికి తెలియుటకే ఈ ఏర్పాటని చెప్పుదురు. నేటికిని ఆ పాత రికార్డులను వినువారికి పాట చివర ఆ గొంతు వినబడును. నూరేండ్లు దాటినను ఆ పాట ఎవరిదో తెలియక తికమకపడువారు లేరు. మనము మాత్రము నేడు "మొన్న ఒక పాట వింటిని, చాల బాగున్నది" అని ఊరకుందుము. పాడినదెవరో, వ్రాసినదెవరో, బాణీ కట్టినదెవరో చెప్పము. ఇది భోజనము చేసి వండినవారిని తలపకపోవుటవంటిది. పాటను పంచుకొనువారికి ఉండవలసిన మొదటి మర్యాద, దాని కర్తలను పేరు పెట్టి చెప్పుట.

రెండవది, పూర్తిగా వినుట. పాటల సంపుటిని మనము ఆల్బమందుము. ఈ పేరు వచ్చిన తీరు వినదగినది. తొలినాటి రికార్డు ఒక్కొక్క ప్రక్క మూడు నాలుగు నిమిషములు మాత్రమే పాడెడిది. కచేరీలో ఒక గంట సాగెడి రాగమును గాయకుడు ఆ మూడు నిమిషములలో ఇమిడ్చవలసియుండెను. పెద్ద కృతులను అనేక రికార్డులపై విడివిడిగా ముద్రించి, ఆ రికార్డులను ఛాయాచిత్రముల పుస్తకమువంటి అట్టలలో వరుసగా అమర్చి అమ్మెడివారు. పుటలవలె త్రిప్పుచు వరుసతప్పక వినవలసిన ఆ పుస్తకమే ఆల్బము. 1948లో అమెరికాలో దీర్ఘకాలము పాడు రికార్డు వచ్చినది. దాని ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు పైగా పాడెడిది. పుస్తకము పోయినది, పేరు మిగిలినది. ఆ పేరుతోపాటు వరుసయను భావము కూడ మిగిలినది. ఏది ముందు, ఏది వెనుక అను ఆలోచనతో కూర్చినదానిని మధ్యలో ఒక ముక్క విని విడిచిపెట్టుట, నవలలో నడిమి ప్రకరణము చదివి పుస్తకము మూసివేయుటవంటిది.

ఘంటసాల వేంకటేశ్వరరావు పాడిన భగవద్గీతను తీసికొనుడు. 1974లో ఆయన కన్నుమూయుటకు కొలదికాలము ముందు పాడినదది. శ్లోకమును పాడి, దాని తాత్పర్యమును తేట తెలుగున చెప్పుచు సాగును. తెలుగునాట అది వినని ఊరు లేదనవచ్చును. కాని మనలో పెక్కుమంది దానిని ఎచ్చట వినుచున్నారు? మరణము సంభవించిన ఇంటియొద్ద, దారిన పోవుచు వినుచున్నారు. అందువలన ఆ గొంతు దూరమునుండి వినబడగానే "ఎవరో పోయినారు" అని తలచుట అలవాటైనది. దుఃఖములో ఉన్నవారికి అది ఊరట కలిగించుచున్నచో మంచిదే. అయితే దానిని మొదటినుండి తుదివరకు ఒక్కసారి విన్నవానికి వేరొక విషయము బోధపడును. అందులో మొదట విల్లు జారవిడిచి కూలబడినవాడు అర్జునుడు. అతనిని లేపి నిలువబెట్టి, చేయవలసిన పనికి పంపుటయే ఆ బోధ యంతయు. అది బ్రతికియున్నవానికి, పని ముందున్నవానికి చెప్పిన మాట. దారిన పోవుచు వినువానికి శోకము మాత్రమే వినబడును. కూర్చుండి వినువానికి ధైర్యము వినబడును. పాట ఒక్కటే, వినుటలో భేదమంత!

మూడవది, పదిమందితో పంచుకొనుట. రేడియో క్రొత్తగా వచ్చిన దినములలో అది ప్రతియింట నుండెడిది కాదు. పంచాయతి కార్యాలయమున ఒక పెట్టె యున్నచో ఊరిలోనివారు చుట్టును చేరి వినెడివారు. ఒక పాట వచ్చినచో దానిని అందరును వినిరి గావున, మరునాడు పొలముగట్టుమీద దానిని గూర్చి మాటలాడుకొనుట సులభముగా నుండెను. 1952లో రేడియో సిలోనులో హిందీ పాటల కార్యక్రమము 'బినాకా గీత్‌మాలా' మొదలైనది. 1957లో ఆకాశవాణి వివిధ భారతిని ప్రారంభించెను. తమకు నచ్చిన పాటను వేయుడని శ్రోతలు కార్డుముక్కలు వ్రాసెడివారు. పాటకు ముందు వారి పేర్లు, ఊర్లు చదువబడెడివి. నేటి ఝార్ఖండులోని ఝుమ్రీ తిలైయా అను చిన్న పట్టణము అభ్రకపు గనులకు పేరొందినది. కాని దేశమంతట దాని పేరు మారుమ్రోగినది ఆ కార్డుముక్కల వలననే. అచ్చటినుండి అన్ని కోరికలు వచ్చెడివి! తాము కోరిన పాట తామొక్కరే వినుటకు వారు కార్డు వ్రాయలేదు. తమకు నచ్చినది దేశమంతయు వినవలెనని వ్రాసిరి.

నేడు స్థితి మారినది. చేతిలో ఇమిడెడు ఫోనులో లక్షలకొలది పాటలున్నవి. ఒక పాట ముగియగానే యంత్రమే మరియొక పాటను అందించుచున్నది. ఇంతవరకు మనమేమి వింటిమో, మనవంటివారు ఏమి వినిరో లెక్కకట్టి, దానికి దగ్గరగా నున్నదానిని ఏరి ఇచ్చుచున్నది. ఈ సాధనమును నిందించుట తగదు. ఒకప్పుడు ధనవంతులకు మాత్రమే లభించిన ఈమని శంకరశాస్త్రి వీణ, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిను నేడు మారుమూల గ్రామములోని విద్యార్థికి కూడ లభించుచున్నవి. ఇది చిన్న మేలు కాదు.

అయినను యంత్రము చేయలేని పనులు కొన్ని కలవు. అది నిన్న నీకు నచ్చినదానికి పోలికగానున్న దానిని ఇచ్చుటకే మొగ్గుచూపును. మిత్రుడు నీవు కలలోనైన తలపనిదానిని తెచ్చి ఇచ్చును. యంత్రము "ఇది వినుము" అనునే గాని, తన మనస్సునకు అది ఎట్లు తోచినదో చెప్పజాలదు. మిత్రుడు తన మాటకు తాను పూచీపడును. నీకు నచ్చకున్నచో నీతో వాదించును. కొన్నాళ్లకు మరల విని చూడుమని బ్రతిమాలును. అన్నిటికంటె ముఖ్యమైన దింకొకటి యున్నది. ఎవరి చెవిలో వారు పాట పెట్టుకొని ఒకే బల్లమీద కూర్చున్న ఇద్దరు, ఒకరు వినునదేమో ఇంకొకరికి తెలియకుండ సంవత్సరము గడపుచున్నారు. సమృద్ధి మధ్యమున ఇది ఒక పేదరికము.

"లోకులందరి రుచి యొక్కటి కాదు గదా, నాకు నచ్చినది ఇతరులకేల?" అని కొందరందురు. రుచులు వేరగుటచేతనే పంచుకొనవలెను. అందరి రుచియు ఒక్కటియే యైనచో ఒకరికొకరు చెప్పుకొనుటకు ఏమియు ఉండదు. "ఇది గొప్పలు చెప్పుకొనుట కాదా?" అని మరికొందరందురు. తాను వినునవి మాత్రమే ఉన్నతమైనవనియు, ఇతరులు వినునవి నీచమైనవనియు పలికినచో అది గొప్పయే. సినిమాపాట వినువానిని శాస్త్రీయ సంగీతము వినువాడు చులకనచేయుటయు, వానిని వీడు వెక్కిరించుటయు నాకు సమ్మతములు కావు. చెప్పినవాడు ఎదుటివానిని కూడ అడిగి, అతడు చెప్పినదానిని విని వచ్చినచో, అందులో గొప్పకు తావులేదు.

మరి మంచి సమాధానమెట్లుండవలెను? ఒక మాదిరి చెప్పెదను. "నేను షేక్ చినమౌలానా నాదస్వరము వినుచున్నాను. ఆయన ఒంగోలు దగ్గరి కరవదిలో జన్మించి, శ్రీరంగమున స్థిరపడి, 1999లో కీర్తిశేషులైరి. పెండ్లిపందిటి సందడిలో తప్ప నేను ఆ వాద్యమును ఎన్నడును శ్రద్ధగా వినలేదు. ఇప్పుడు విన్నచో అది గొంతెత్తి పాడుచున్నట్లే యున్నది. మొదట రాగాలాపనలో తాళముండదు. డోలు ఇంకను మొదలుకాలేదేయని తొందరపడకుము. చీకటిలోనికి పోయినపుడు కన్నులు అలవాటుపడినట్లు, కొంతసేపటికి చెవి అలవాటుపడును. ఆ తరువాత డోలు వచ్చి కలిసినపుడు నీకే తెలియును." ఇందులో పాండిత్యమేమియు లేదు. పేరున్నది, ఎందుకు నచ్చినదో యున్నది, వినువానికి ఎచ్చట కష్టము కలుగునో ముందుగా చెప్పిన స్నేహమున్నది. అంతకంటె కావలసినదేమి?

బాలబాలికలారా! మీ యింట అవ్వయో తాతయో ఉన్నచో, వారు మీ వయస్సున ఏమి వినెడివారో నేడే అడుగుడు. బొమ్మలాట పాటయో, హరికథయో, నాటక పద్యమో, వరినాట్లనాటి పాటయో వారు చెప్పుదురు. అది ఏ యంత్రములోను ఉండకపోవచ్చును; వారి గొంతులో మాత్రమే ఉండవచ్చును. దానిని తుదివరకు వినుడు. ఎవరియొద్ద నేర్చిరో అడిగి పేరు వ్రాసికొనుడు. పిమ్మట మీ తరగతిలో వారమునకొకసారి ఒకరినొకరు "నీవేమి వినుచున్నావు?" అని అడుగుడు. మీ మిత్రుడు చెప్పినది మొదట మీకు రుచింపకున్నను, రెండవమారు వినకుండ త్రోసివేయకుడు.