కౌమారం – కుటుంబ విహారయాత్ర

కౌమారదశలోని పిల్లలతో విహారయాత్ర తల్లిదండ్రులకు ఒక పరీక్ష. గమ్యం, బస, వేళలు అన్నీ పెద్దలే నిర్ణయిస్తారు. పిల్లలు సెల్‌ఫోనులోనే మునిగిపోయారని నొచ్చుకుంటారు. నిర్ణయంలో పాలు లేనివారికి ప్రయాణంలో ఆసక్తి ఎలా కలుగుతుంది?

నాగార్జునకొండ యాత్రనే తీసుకుందాం. 1954 నుండి 1960 వరకు సాగిన తవ్వకాలలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆనవాళ్లు బయల్పడ్డాయి. సాగర్ జలాశయంలో ఆ లోయ మునిగిపోకముందే ముఖ్యమైన కట్టడాలను కొండపైకి, ఒడ్డునున్న అనుపుకు తరలించి పునర్నిర్మించారు. నేడు ద్వీపంగా మారిన ఆ కొండకు లాంచీలో చేరాలి. ఈ కథను తండ్రి ఉపన్యాసంగా చెబితే కూతురు ఆవులిస్తుంది. లాంచీ వేళలు కనుక్కోవడం, ఖర్చుల లెక్క రాయడం, మ్యూజియంలోని శిల్పాలను తమ్మునికి వివరించడం ఆమెకే అప్పగిస్తే ముందురోజే పుస్తకం తెరుస్తుంది. లాంచీ తప్పిపోవచ్చు, లెక్క తారుమారు కావచ్చు. ఆ పొరపాట్లను పెద్దలు సహనంతో స్వీకరించాలి. తల్లిదండ్రులు పక్కన ఉండగా చేసిన పొరపాటు పాఠమే అవుతుంది.

ఇంటర్మీడియట్ ముగియగానే ఎందరో పిల్లలు పైచదువులకై ఇల్లు విడుస్తారు. కుటుంబమంతా ఒకే లాంచీ ఎక్కే రోజులు కొద్దివే. ఆ కొద్ది రోజులలో ఒక్కసారైనా పిల్లలు ముందు నడవాలి, పెద్దలు వారిని అనుసరించాలి.